క్రియాతిపత్తియు తెలుగు సంయుక్త క్రియయు: ఒక విన్నపము

సంస్కృత వ్యాకరణ పాఠములో పది లకారములను వరుసగా చెప్పుకొని పోవునప్పుడు, చివరిదైన లృఙ్ వద్దకు వచ్చుసరికి గురువునకు ఓపికయు శిష్యునకు శ్రద్ధయు సగము తగ్గియుండుట సామాన్యము. 'అకరిష్యత్' అను రూపమును సాధించి, అర్థము 'చేసెడివాడు' అని ఒక్క మాట చెప్పి పుస్తకము మూయుట నాకును చిరకాలము అలవాటుగానే ఉండెను. అట్లు చెప్పిన అర్థము సరియైనదా, చాలునదా యని నన్ను నేను ప్రశ్నించుకొనునట్లు చేసినది, చిత్రముగా, ఒక స్పానిషు పాఠము.

మా జనగామలో మా వీథికి చెందిన ఒక అమ్మాయి హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో స్పానిషు భాష చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు తన నోటుపుస్తకములోని ఒక వాక్యమును చూపి "తాతా, దీన్ని తెలుగుల ఎట్లంటరు?" అని అడిగినది. అర్థము చెప్పించుకొని, "దానికేమమ్మా, 'అతడు వచ్చి ఉంటే చూచి ఉండేవాడు' అంటే సరిపోవును" అన్నాను. "అది నాకు ఎరుకే తాతా. ఈ రూపానికి స్పానిషుల పేరున్నది, ఇంగ్లీషుల పేరున్నది. తెలుగుల ఏం పేరు?" అని మరల అడిగినది. నోటికి సంస్కృత సంజ్ఞ వచ్చినది గాని తెలుగు సంజ్ఞ రాలేదు. ఇన్ని సంవత్సరములు వ్యాకరణము బోధించినవానికి అది సుఖకరమైన మౌనము కాదు.

ఆ మౌనమునుండి పుట్టినదే ఈ చిన్న వ్యాసము. ఇందు నేను చెప్పదలచినది ఒక్కటే. జరుగని క్రియను జరిగినట్లు ఊహించి చెప్పుటకు తెలుగునకు సొంతమైన, సుస్థిరమైన సంయుక్త క్రియారూపము కలదు. దానిని మనము లృఙ్ పాఠములో చెప్పుట లేదు, తెలుగు వ్యాకరణ పాఠములో పేరు పెట్టుట లేదు. దీనివలన కలుగు నష్టము పాఠశాలతో ఆగక, మన పరిశోధన వ్యాసములలోని చరిత్ర నిర్ణయముల వరకు వ్యాపించుచున్నది.

స్పానిషు రూపము

మొదట ఆ అమ్మాయి తెచ్చిన వాక్యమును చూతము. 'సి ఉబియెరా బెనీదో, లో అబ్రీఆ బిస్తో'. 'సి' యనగా 'అయినచో'. 'బెనీదో' యనగా 'వచ్చిన'. ఇది మన క్తాంతము వంటిది. 'ఉబియెరా' అనునది 'అబేర్' అను సహాయధాతువుయొక్క భూతకాలిక సంభావనార్థక రూపము. ఈ రెండును కలిసి 'వచ్చి ఉంటే' అను అర్థమును ఇచ్చుచున్నవి. రెండవ భాగములో 'అబ్రీఆ' అదే ధాతువుయొక్క మరియొక రూపము, 'బిస్తో' యనగా 'చూచిన', 'లో' యనగా 'దానిని'. ప్రధానధాతువు క్తాంతమై నిలిచిపోవును. పురుష వచన భేదములన్నియు సహాయధాతువే మోయును.

ఇందు వ్యాకరణ పండితునకు ఆసక్తి కలిగించు విషయములు రెండు కలవు. మొదటిది, 'ఉబియెరా' వంటి 'రా'కారాంత రూపములు లాటిను భాషలోని నిశ్చయార్థక పూర్ణభూతమునుండి వచ్చినవి. నిజముగా జరిగిపోయినదానిని చెప్పుటకు పుట్టిన రూపము కాలక్రమమున జరుగనిదానిని ఊహించి చెప్పు రూపమైనది. దీనికి తోడుగా 'ఉబియెసే' అను సమానార్థక రూపము కూడ కలదు. అది లాటిను సంభావనార్థక పూర్ణభూతమునుండి వచ్చినది. రెండవది, 'అబ్రీఆ' యందలి నిర్మాణము. తుమున్నంతము వంటి రూపమునకు 'అబేర్' ధాతువుయొక్క భూతకాలరూపము అతుకుకొని ఈ రూపము పుట్టినది. తుమున్నంతమునకు అదే ధాతువుయొక్క వర్తమానరూపము అతుకుకొన్నచో భవిష్యత్తు ఏర్పడినది; భూతరూపము అతుకుకొన్నచో ఈ రూపము ఏర్పడినది. అనగా భవిష్యత్ప్రకృతికి భూతప్రత్యయము చేరినదన్నమాట.

పాణిని చూపిన దారి

ఈ మాట వినగానే వైయ్యాకరణునకు లృఙ్ స్ఫురింపవలెను. 'అకరిష్యత్' అను రూపమును విడదీసినచో ఏమి కనబడును? లృట్ లకారమునకు వలెనే స్య ప్రత్యయము (అష్టాధ్యాయి 3.1.33). లఙ్, లుఙ్ లకారములకు వలెనే ధాతువునకు ముందు అడాగమము (6.4.71). ఙిత్తగుటచే తిప్ ప్రత్యయమందలి ఇకారమునకు లోపము (3.4.100). నడుమ భవిష్యత్తు, ఇరువైపుల భూతము. 'కరిష్యతి' యను భవిష్యత్తును తీసికొనిపోయి గతములో నిలిపిన రూపమే 'అకరిష్యత్'. స్పానిషువారు ధాతువులను అతికి సాధించిన దానిని సంస్కృతము ఆగమ ప్రత్యయములతో ఒకే పదములో సాధించినది. భాషలు వేరు, ఉపాయము ఒక్కటే.

ఈ రూపము ఋగ్వేదములో 'అభరిష్యత్' అని ఒకే ఒక చోట (2.30.2) కనబడును. బ్రాహ్మణ గ్రంథములలో, ముఖ్యముగా శతపథములో, దీని ప్రయోగము విరివియైనది. వేదములో సంభావనాదులకు లేట్ లకారము ప్రత్యేకముగా ఉండుట మనమెరిగినదే (3.4.7). లేట్ లోకభాషనుండి తొలగిపోగా, జరుగని క్రియను చెప్పు భారమును లృఙ్ ఒంటరిగా మోసినది.

దీని అర్థమును పాణిని 3.3.139వ సూత్రమున నిర్దేశించినాడు. హేతుహేతుమద్భావము మున్నగు లిఙ్ నిమిత్తములు ఉండగా, క్రియ నిష్పన్నము కానిచో, భవిష్యదర్థమున లృఙ్ వచ్చును. తరువాతి సూత్రము (3.3.140) దీనిని భూతార్థమునకును విస్తరింపజేసినది. కనుక లృఙ్ కాలమును చెప్పునది కాదు. క్రియాతిపత్తిని, అనగా క్రియ సిద్ధింపకపోవుటను చెప్పునది. కౌముదిలో దీనికిచ్చిన ఉదాహరణము మంచి వానకును సుభిక్షమునకును సంబంధించినది. వాన కొరకు ఆకాశమువైపు చూచుటకు అలవాటుపడిన మా జనగామ ప్రాంతమువారికి ఆ ఉదాహరణమును విడమరచి చెప్పవలసిన పని లేదు. అయితే ఆ వాక్యమును తెలుగులో చెప్పుమన్నచో మాత్రము మన విద్యార్థి తడబడును. 'వాన కురిసిన పంట పండును' అని ఒకడు, 'కురిసినచో పండగలదు' అని ఒకడు, 'కురిస్తే పండేది' అని ఒకడు వ్రాయుదురు. మొదటి రెండును లిఙ్ అర్థమునే చెప్పినవి. వాన రాలేదనుమాట వానిలో లేదు. మూడవది దగ్గరకు వచ్చినది గాని, సందిగ్ధము.

తెలుగు సంయుక్త క్రియ

'వాన పడితే పంట పండేది' అను వాక్యమును రెండు విధములుగా గ్రహింపవచ్చును. 'ఆ కాలములో వాన పడినప్పుడెల్ల పంట పండుచుండెను' అని ఒక అర్థము. ఇది అలవాటును చెప్పునది, నిజముగా జరిగినది. 'వాన పడలేదు, పంట పండలేదు' అని రెండవ అర్థము. తద్ధర్మార్థక రూపమైన 'పండెడి'కి మహత్తున 'వాడు', అమహత్తున 'ది' చేరగా ఏర్పడిన ఈ రూపము, గతములోని అలవాటును, గతములోని క్రియాతిపత్తిని సమానముగా మోయుచున్నది. లృఙ్ రూపమునకు 'చేసెడివాడు' అని మాత్రమే అర్థము చెప్పి పుస్తకము మూసినప్పుడు నేను విద్యార్థికి అందించినది ఈ సందిగ్ధమునే.

భాష ఆ సందిగ్ధమును తానే తొలగించుకొన్నది. ప్రధానధాతువును క్త్వార్థకముగా నిలిపి, ఉండు ధాతువును అనుప్రయోగముగా చేర్చినది. 'వాన పడి ఉంటే పంట పండి ఉండేది'. ఇక్కడ అలవాటు అను అర్థమునకు తావు లేదు. గ్రాంథికములో 'పడియుండినచో పండియుండెడిది' అని దీనినే వ్రాయుదుము. 'వచ్చి ఉండేవాడిని, వచ్చి ఉండేవాడివి, వచ్చి ఉండేవాడు, వచ్చి ఉండేది, వచ్చి ఉండేవాళ్లము, వచ్చి ఉండేవారు' అని పురుష వచన లింగ భేదములన్నియు ఉండు ధాతువుపైననే పడును. వ్యతిరేకమున 'వచ్చి ఉండేవాడు కాదు' అని 'కాదు' చేరును. 'రాకపోయి ఉంటే' అని పూర్వవాక్యములోను వ్యతిరేకము చక్కగా ఇముడును. స్పానిషులో సహాయధాతువు ముందు నిలుచును, తెలుగులో వెనుక నిలుచును. మిగిలిన పని విభాగమంతయు ఒక్కటే.

ఇంకొక సూక్ష్మము కలదు. సంస్కృతమున హేతువాక్యమునందును, ఫలవాక్యమునందును లృఙ్ ప్రయోగింతుము. తెలుగులో హేతువాక్యమొక్కటే క్రియాతిపత్తిని నిర్ణయింపజాలదు. ఈ రెండు వాక్యములను పోల్చి చూడుడు:

అతడు సభకు వచ్చి ఉంటే ఆ ప్రతిని చూచి ఉంటాడు.

అతడు సభకు వచ్చి ఉంటే ఆ ప్రతిని చూచి ఉండేవాడు.

హేతువాక్యమున అక్షరభేదము కూడ లేదు. మొదటి వాక్యము చెప్పినవానికి అతడు వచ్చెనో లేదో తెలియదు. వచ్చినచో చూచుట సంభవమని మాత్రమే అతని భావము. రెండవ వాక్యము చెప్పినవానికి అతడు రాలేదని తెలియును. 'ఉంటాడు' అన్నచోట సంస్కృతమున 'దృష్టవాన్ స్యాత్' వంటి సంభావన. 'ఉండేవాడు' అన్నచోట 'అద్రక్ష్యత్' అను క్రియాతిపత్తి. నిర్ణయమంతయు ఆ చివరి పదములోననే కలదు. ఈ భేదమును తెలుగు మాటాడు పిల్లవాడు సైతము తప్పక పాటించును. మన పాఠములో మాత్రము దీనికి స్థానము లేదు.

సంస్కృతము చూపని భేదమును తెలుగు చూపు సందర్భమును కూడ ఒకటి చెప్పవలెను. పాణిని భవిష్యత్తునకును, భూతమునకును ఒకే లృఙ్ విధించినాడు. తెలుగు వీనిని విడదీయును. నిన్నటి వాన గూర్చియైనచో 'పడి ఉంటే పండి ఉండేది'. ఇక రాదని తేలిపోయిన రేపటి వాన గూర్చియైనచో 'పడేటట్లుంటే పండేది'. కనుక లృఙ్ వాక్యమును తెలుగు చేయునప్పుడు, ఇది 139వ సూత్రపు విషయమా, 140వ సూత్రపు విషయమా యని విద్యార్థి ముందుగా ఆలోచింపక తప్పదు. తెలుగు అనువాదము సూత్రార్థమును మరింత లోతుగా తెలిసికొనుటకే తోడ్పడుచున్నది. ఇది మన పాఠమునకు భారము కాదు, లాభము.

మా ఊరి మాట

ఈ రూపమును గూర్చి మాటాడినప్పుడు కొందరు మిత్రులు "ఇది ఇంగ్లీషు చదివినవారు, పత్రికలవారు తెచ్చిపెట్టిన అనువాదపు పోకడ, మన భాషలోనిది కాదు" అని ఆక్షేపించినారు. ఈ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. 'దరఖాస్తు సమర్పించి ఉన్నాను', 'తెలియజేసి ఉన్నారు' అని కార్యాలయపు కాగితములలో కనబడు వాక్యములు 'సమర్పించినాను', 'తెలియజేసినారు' అన్నచో చక్కగా ఉండును. అక్కడ ఉండు ధాతువు చేయు పని ఏమియు లేదు. కాని అనవసరమైనచోట ప్రయోగించినారని, అవసరమైనచోట కూడ దానిని పరాయిదనుట న్యాయము కాదు.

మా జనగామ చుట్టుపట్ల పల్లెలలో బడి ముఖము చూడని ముసలివారి మాటలను వినుడు. "ముందుగాల చెప్తే నేనొస్తుంటి గద" అందురు. "ఆనాడు వాన పడితే చెరువు నిండుతుండె" అందురు. "నువ్వు రాకపోతే పని గాకపోతుండె" అందురు. 'వస్తుంటి, వస్తుంటివి, వస్తుండె, వస్తుంటిమి, వస్తుండిరి' అని పురుష వచనములన్నిటను ఈ రూపము నడచును. దీని నిర్మాణమేమి? 'వచ్చుచు' అను శత్రర్థకమునకు ఉండు ధాతువుయొక్క భూతకాలరూపము చేరినది. ఇతర ప్రాంతములవారు క్త్వార్థకమును తీసికొన్నచోట మా ప్రాంతమువారు శత్రర్థకమును తీసికొన్నారు. 'ఉండెడి'ని వారు తీసికొన్నచోట మా వారు సూటిగా 'ఉంటి, ఉండె' అను భూతరూపమునే నిలిపినారు. ఉండు ధాతువు అనుప్రయోగమగుట ఉభయత్ర సమానము. గతమును చెప్పు రూపమే జరుగనిదానిని చెప్పు రూపమగుట లాటిను, స్పానిషులయందు చూచినట్లే ఇక్కడను కానవచ్చుచున్నది. గతము మన చేతికి అందనిది, జరుగనిదియు అందనిదే. ఆ దూరమునే భాష గతరూపముతో చూపుచున్నది. ఈ సంబంధమును కనిపెట్టుటకు మా పల్లె ముసలమ్మకు ఏ యూరోపియను వ్యాకరణమును అవసరము కాలేదు.

ఇక 'అనుప్రయోగము' అను మాటను నేను కొత్తగా తెచ్చుచున్నది కాదు. లిట్ లకారమున 'ఈక్షాంచక్రే', 'చోరయామాస' వంటి రూపములను సాధించునప్పుడు ఆమంతమునకు కృఞాదులను అనుప్రయోగించుట పాణిని 3.1.40లో చెప్పినదే. ఒక ధాతువు అర్థమును, మరియొక ధాతువు కాలపురుషాదులను మోయుట మన శాస్త్రమునకు పరిచితమైన మార్గము. సంస్కృతములోనే 'ఆగతః స్యాత్' వంటి వాక్యములలో క్తాంతమునకు అస్ ధాతువు తోడగుట కలదు. కనుక తెలుగు రూపమును వివరించుటకు కావలసిన పరికరములన్నియు మన పెట్టెలోనే ఉన్నవి. మనము పెట్టె తెరువలేదు.

ఎందుకు తెరువలేదు? దోషమును పూర్వుల మీద మోపుట సులభము గాని ఉచితము కాదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణమును, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును వెలువరించినప్పుడు వారు లక్షణము చెప్పదలచినది కావ్యభాషకు. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, తద్ధర్మార్థకము అని వారు స్థిరపరచిన సంజ్ఞలే నేడు నాకు ఈ వ్యాసము వ్రాయుటకు ఆధారమైనవి. వారు ఇచ్చిన ఇటుకలతో మనము గోడ కట్టలేదు. అది మన అలసత్వము.

పరిశోధకునకు కలుగు నష్టము

పేరు లేనంత మాత్రమున ఏమి నష్టము? జనులు చక్కగా మాటాడుచునే ఉన్నారు గదా యని అడుగవచ్చును. జనులకు నష్టము లేదు. నష్టము మనకు, వ్యాసములు వ్రాయువారికి.

పాలకుర్తి, బమ్మెర గ్రామములు రెండును నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి మండలములో ఉన్నవి. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడుటకు ముందు ఇవి వరంగల్లు జిల్లాలో ఉండెడివి. (ఈ వాక్యములోని 'ఉండెడివి' నిజముగా ఉన్న స్థితిని చెప్పినది, క్రియాతిపత్తి కాదు. ఒకే రూపమునకు గల రెండు ముఖములను పాఠకులు ఇక్కడనే గమనింపవచ్చును.) పాల్కురికి సోమనాథుడును, బమ్మెర పోతనయు ఈ నేలకు చెందినవారని మా ప్రాంతమువారి అభిమానము. పోతన నివాసమును గూర్చి కడప సీమలోని ఒంటిమిట్ట పక్షమున వాదించినవారును కలరు. ఇట్టి వివాదములు గల విషయములలో నేను చదివిన వ్యాసములు అనేకము. వానిలో క్రియలను ఒకసారి పరిశీలింపుడు. 'పోతన అక్కడికి వెళ్లి ఉండవచ్చు', 'వెళ్లి ఉంటాడు', 'వెళ్లి ఉండాలి', 'వెళ్లి ఉండేవాడు' అను నాలుగును ఒకే పుటలో, ఒకే విషయమును గూర్చి, పర్యాయపదములవలె దొర్లుచుండును.

ఇవి పర్యాయపదములు కావు. 'వెళ్లి ఉండవచ్చు' అన్నప్పుడు బాధకము లేదని మాత్రమే చెప్పినాము. 'వెళ్లి ఉంటాడు' అన్నప్పుడు సంభవమే ఎక్కువయని చెప్పినాము. 'వెళ్లి ఉండాలి' అన్నప్పుడు వేరుగతి లేదని, అనుమానప్రమాణముతో నిర్ణయించినాము. 'వెళ్లి ఉండేవాడు' అన్నప్పుడు వెళ్లలేదని చెప్పినాము. మొదటినుండి మూడవదానికి పోవుటకు ప్రతి మెట్టునకును ఆధారము చూపవలెను. నాలుగవది అసలు ఆ మెట్ల మీదనే లేదు. అది ఎదుటి పక్షము. ఒక పుటలో 'ఉండవచ్చు' అని మొదలిడి రెండు పుటల తరువాత 'ఉండాలి' అని ముగించిన వ్యాసమున, నడుమ వాదమునకు బదులు క్రియారూపమే మారినది. పాఠకుడు అది గమనింపడు, ఒక్కొక్కప్పుడు వ్రాసినవాడును గమనింపడు.

క్రియాతిపత్తి మరింత జాగ్రత్తతో వాడదగినది. అది ఊహవలె కనబడును గాని దానిలో రెండు నిశ్చయములు దాగియుండును. పోతన భాగవతములో పంచమ స్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను వెలిగందల నారయ రచించినట్లు మనమెరుగుదుము. 'పోతన ప్రతి శిథిలము కాక నిలిచి ఉంటే నారయాదులు పూరించి ఉండేవారు కారు' అని ఒకరు వ్రాసినచో, అది కేవలము ఒక ఊహగా కనబడును. కాని ఆ వాక్యము ఏమేమి అంగీకరింపజేయుచున్నది? పోతన ఆ స్కంధములను రచించెనని, ఆ ప్రతి శిథిలమయ్యెనని, పూరణకు అదియే కారణమని. ఈ మూడింటిలో ఒక్కదానిని కూడ వ్రాసినవాడు నిరూపింపలేదు. క్రియారూపము చాటున లోపలికి తెచ్చినాడు. శైథిల్యమును గూర్చిన కథలు ప్రచారములో ఉన్నవి. వానిని నమ్మువారు 'శిథిలమైనది' అని సూటిగా వ్రాసి ఆధారములు చూపవలెను. నమ్మకము చాలనివారు 'శిథిలమై ఉండవచ్చు' అని వ్రాయవలెను. క్రియాతిపత్తి వ్రాసినవాడు మాత్రము నిరూపింపకయే నిర్ణయించినవాడగును.

హేతుహేతుమద్భావము మున్నగు లిఙ్ నిమిత్తము లేనిదే లృఙ్ రాదని పాణిని మర్యాద. ఆ మర్యాదను తెలిసిన శాస్త్రజ్ఞుడు, తెలుగులో క్రియాతిపత్తి వ్రాయునప్పుడును, "ఈ హేతువునకు ఈ ఫలముతో సంబంధమును నేను నిరూపించితినా? హేతువు జరుగలేదని నాకు తెలియునా?" అని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఆ రూపమునకు పేరే లేనివానికి ఆ ప్రశ్న తోచదు. పేరు పెట్టుటవలన ప్రయోజనమిది.

ఇట్టి పొరపాటు గ్రంథచర్చలలో అయినచో మరియొక వ్యాసముతో సరిదిద్దవచ్చును. వాఙ్మూలములు, అర్జీలు వ్రాయుచోట అంత సులభము కాదు. 'నాకు నోటీసు అంది ఉంటే హాజరై ఉండేవాడిని' అన్నవాడు నోటీసు అందలేదని చెప్పినాడు. దానిని 'అంది ఉంటే హాజరై ఉంటాను' అని మార్చి వ్రాసినచో, అందినదో లేదో, హాజరైనాడో లేదో తనకే గుర్తులేనివాడైనాడు. మారినది చివరి పదము ఒక్కటే. కోల్పోయినది అతని వాదమంతయు. మన కళాశాలలలో చదివిన విద్యార్థులందరును పండితులు కారు. కొందరు అనువాదకులగుదురు, కొందరు కార్యాలయములలో కూర్చుందురు. వారి చేతిలో ఈ పదము ఇతరుల హక్కును మోయును.

విన్నపము

కావున సహాధ్యాపకులకును, పరిశోధకులకును నేను చేయు విన్నపము ఇది. లృఙ్ పాఠము చెప్పునప్పుడు ఏకపదార్థము చెప్పి విడువక, హేతుఫల వాక్యములు రెండింటిని తెలుగులో పూర్తిగా చెప్పించుడు. భూతవిషయమును భవిష్యద్విషయమునుండి వేరుచేయించుడు. 'చూచి ఉంటాడు', 'చూచి ఉండేవాడు' అను జంటను నల్లబల్లమీద పక్కపక్కన వ్రాసి, రెండింటికిని సంస్కృతము చేయుమనుడు. ఒక గంట పాఠము చాలును. ఆ గంటలో విద్యార్థికి సంభావనకును క్రియాతిపత్తికిని గల భేదము జీవితమంతయు మరువరానంతగా పట్టుబడును.

తెలుగు వ్యాకరణ పాఠములో ఈ రూపమునకు ఒక సంజ్ఞ కావలెను. 'అనుప్రయుక్త క్రియాతిపత్త్యర్థకము' అని నేను సూచించుచున్నాను. పొడవైనదని తోచినచో 'అతిపత్త్యర్థకము' అన్నను చాలును. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము అను వరుసలో ఇది ఇముడును. ఇంతకంటె మంచి పేరు ఎవరైన చెప్పినచో సంతోషముతో స్వీకరింతును. పేరు నాది కావలెనని పట్టుదల లేదు, పేరు ఉండవలెనని పట్టుదల. ఆ పాఠములో 'వచ్చి ఉండేవాడు' పక్కన మా 'వస్తుండె'కును స్థానమీయవలెను. దానిని అపభ్రంశమని తోసివేయుట శాస్త్రదృష్టి కాదు. ఇట్టి రూపములు ఏ ఏ ప్రాంతములలో ఎట్లు నడచుచున్నవో మన విద్యార్థులచేతనే, తమ ఇండ్లలోని పెద్దల మాటలనుండి, సేకరింపజేసినచో మంచి వ్యాసవిషయము కాగలదు. ఆ పెద్దలు ఉండగానే ఆ పని జరుగవలెను.

ఆ అమ్మాయి మొన్న సెలవులకు మరల వచ్చినది. నా సంజ్ఞను చెప్పినాను. తన నోటుపుస్తకములో స్పానిషు పేరు కింద, ఇంగ్లీషు పేరు కింద దానిని తెలుగులో వ్రాసికొని, "ముందే చెప్తే పరీక్షల రాస్తుంటి తాతా" అన్నది. రూపము నిర్దుష్టము. ఆమె ముందే అడిగినది, నేనే చెప్పలేదు.